నలుగురు పెంచలయ్యలు, ఒక ఎక్సెల్ షీటు: కావలిలో ఉండి డేటా అనలిస్ట్ పని నేర్చుకోవాలంటే

"అక్కా, పవర్ బీఐ నేర్చుకుంటే ఉద్యోగం వస్తుందా?" నెలకు ఇద్దరు ముగ్గురైనా ఫోన్ చేసి ఇదే అడుగుతారు. (పవర్ బీఐ అంటే లెక్కలను గ్రాఫులుగా, పట్టికలుగా ఒక తెర మీద చూపించే మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్. అలాంటి తెరనే డ్యాష్‌బోర్డు అంటారు.) కావలి, కందుకూరు, ఉలవపాడు, సింగరాయకొండ పిల్లలు. కొందరిది బీటెక్, కొందరిది నాలాగా బీకాం. ఒక్కొక్కరికీ గంటసేపు చెప్పి గొంతు పోతోంది కాబట్టి అంతా ఒకచోట రాసి పెడుతున్నా. ఇకమీదట ఎవరడిగినా ఇదే పంపిస్తా.

ముందు నా సంగతి. డిగ్రీ అయ్యాక కావలిలో రొయ్యల మేత, మందులు అమ్మే కొట్టులో అయిదేళ్ళు లెక్కలు రాశాను. ట్యాలీలో బిల్లులు కొట్టడం, రైతుల ఖాతాలు చూడటం, సాయంత్రానికి క్యాష్ సరిపెట్టడం. ఇప్పుడు చెన్నైలో ఒక సరుకు రవాణా కంపెనీకి డేటా అనలిస్ట్‌ని. ఎక్కువ రోజులు ఇంటినుంచే పని. నెలకోసారి పినాకిని ఎక్కి వెళ్ళి నాలుగు రోజులు ఆఫీసులో కనపడి వస్తా. ఆ కొట్టు నుంచి ఈ ఉద్యోగానికి రావడానికి నాకు దాదాపు 14 నెలలు పట్టింది. అందులో నాలుగు నెలలు తప్పు దారిలో పోయాయి. మీకు ఆ నాలుగు నెలలు మిగిలితే చాలు.

కొట్టులో ఉండగానే ఎక్సెల్ కాస్త నేర్చుకుని, పెద్ద మొనగత్తెలాగా బాకీల రిపోర్టు తయారుచేశాను. ఒక షీటులో రైతు పేరు, ఊరు, ఫోన్ నంబరు. ఇంకో షీటులో రైతు పేరు, బాకీ. రెండింటినీ పేరు ఆధారంగా కలిపాను. మన వైపు సంగతి తెలిసిందేగా, పెంచలకోన నరసింహస్వామి పుణ్యాన ఊరికి పదిమంది పెంచలయ్యలు. మా ఖాతాల్లో నలుగురున్నారు. ఈ షీటులో నలుగురు, ఆ షీటులో నలుగురు, రెండూ కలిసేసరికి నాలుగు నాలుగుల పదహారు. పదహారుగురు పెంచలయ్యలు బాకీ ఉన్నట్టు తేలింది. ఓనరు గారు అది చూసి, పోయిన నెలే బాకీ కట్టేసిన తుమ్మలపెంట పెంచలయ్యకు ఫోన్ చేసి గట్టిగా అడిగారు. ఆయన మరుసటిరోజు పొద్దున్నే రసీదు పట్టుకుని కొట్టు ముందు దిగాడు. "ఏందమ్మా, మీ కంప్యూటరుకి నేను కట్టింది కనపళ్ళేదా?" అన్నాడు. కంప్యూటరు తప్పేం లేదు. అది నేను చెప్పిందే చేసింది.

ఈ కథ మళ్ళీ వస్తుంది, గుర్తుంచుకోండి.

ఈ ఉద్యోగానికి కంపెనీలు రకరకాల పేర్లు పెడతాయి. ఎంఐఎస్ ఎగ్జిక్యూటివ్ అంటే ఎక్కువగా ఎక్సెల్‌లో రోజువారీ రిపోర్టులు పంపే పని. బీఐ డెవలపర్ అంటే డేటాబేస్ నుంచి డ్యాష్‌బోర్డు దాకా దారి వేసి, రోజూ కొత్త లెక్కలు వాటంతటవే వచ్చేలా చూసే మనిషి. డేటా అనలిస్ట్ "ఇలా ఎందుకయింది" అన్నదాని వెంట పడతాడు. చిన్న కంపెనీల్లో ఈ ముగ్గురూ ఒకరే. డేటా సైంటిస్ట్ దారి వేరు. దానికి గణితం ఎక్కువ కావాలి, ఇక్కడ ఆ జోలికి పోవట్లేదు. బీఐ అంటే బిజినెస్ ఇంటెలిజెన్స్. ఆ మాటను ఐబీఎంలో పనిచేసిన హాన్స్ పీటర్ లూన్ 1958లోనే తన వ్యాసానికి పేరుగా పెట్టాడు. మా ఓనరు గారికి ఆ పేరు తెలీదు గానీ, ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ ఒక చిన్న నోటుబుక్కు ఉండేది. ఏ రైతు ఏ గుంటలో రొయ్య పిల్ల ఎప్పుడు వేశాడు, ఎన్ని రోజులైంది, మేత ఎంత తీసుకెళ్ళాడు, అన్నీ అందులోనే. ఎవరికి ఇంకా అప్పివ్వాలో, ఎవరికి ఆపాలో ఆ బుక్కు చూసి చెప్పేవారు. మన పనీ అదే, కాకపోతే బుక్కు పెద్దది.

కోర్సు వెతికేముందు కొట్టు వెతకండి

నేను చేసిన మొదటి తప్పు, కోర్సుతో మొదలుపెట్టడం. సింహపురి ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాద్ పోయి, అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో 32 వేలు కట్టాను. పేరు చెప్పను, ఇప్పుడు అది ఉందో లేదో కూడా. మూడు నెలల్లో ఎక్సెల్, ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌ను ప్రశ్నలడిగే భాష), పవర్ బీఐ, దానిలాంటిదే టాబ్లో, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష, అన్నీ చెప్పారు. అన్నీ ఎవరో ముందే శుభ్రం చేసి పెట్టిన అమెరికా సూపర్ మార్కెట్ డేటా మీదే. అందులో రాష్ట్రాలు టెక్సాస్, ఒహాయో. ఆ అమ్మకాలు పెరిగితే ఏంటి, తగ్గితే ఏంటి, నాకేం తెలుస్తుంది? లెక్క తప్పొచ్చినా తప్పని పట్టుకోలేను. గ్రాఫు అందంగా వచ్చిందా లేదా, అంతవరకే. నాలుగో నెలలో ఇంటికొచ్చి చూసుకుంటే చేతిలో సర్టిఫికెట్ ఉంది గానీ ఒక్క ప్రశ్నకూ సొంతంగా జవాబు రాబట్టలేకపోయా.

అందుకని మొదటి వారం మీరు చేయాల్సింది, మీకు లోపలి సంగతులు తెలిసిన ఒక వ్యాపారం పట్టుకోవడం. నాకు రొయ్యల మేత. మీ నాన్న రైస్ మిల్లులో పనిచేస్తే ధాన్యం. చీమకుర్తి వాళ్ళయితే గ్రానైట్: ఒక బ్లాకు కోస్తే ఎన్ని చదరపు అడుగుల పలకలొచ్చాయి, ఎంత పగిలిపోయింది. కొండపి, టంగుటూరు వైపు వాళ్ళకి పొగాకు ఉంది. వేలంలో ఏ గ్రేడుకి ఏ రోజు ఎంత పలికిందో ఇంట్లో చీటీలే ఉంటాయి. మామయ్యకు మెడికల్ షాపుంటే ఇంకేం కావాలి. అడిగి ఒక ఏడాది బిల్లుల డేటా తీసుకోండి. ట్యాలీ అయితే ఎక్సెల్‌లోకి ఎగుమతి చేసుకోవచ్చు. చేతిరాత పుస్తకమైతే మూడు నెలల లెక్కలు మీరే టైపు చేయండి. విసుగే, కానీ డేటా ఎక్కడ ఎలా పాడవుతుందో టైపు చేసేవాడికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు.

ఇచ్చినవాళ్ళకి ఒక మాటివ్వండి: పేర్లు, ఫోన్ నంబర్లు బయటికి పోవని. తీసుకున్న రోజే పేర్ల స్థానంలో కోడ్‌లు పెట్టుకోండి.

ఎవరి దగ్గరా ఏమీ దొరక్కపోతే ప్రభుత్వ డేటా ఉంది. డేటా డాట్ గవ్ డాట్ ఇన్‌లో రకరకాల పట్టికలున్నాయి, ఆగ్‌మార్క్‌నెట్‌లో మార్కెట్ యార్డుల ధరలుంటాయి. అయితే అది రెండో ఎంపిక. ఆ లెక్కల్లో తప్పు చూపించి మిమ్మల్ని నిలదీయడానికి రసీదుతో ఎవరూ రారు.

ఎక్సెల్: రెండు నెలలు, సిగ్గుపడకుండా

బీటెక్ పిల్లలకి ఎక్సెల్ అంటే చిన్నచూపు. మా కంపెనీలో ఇప్పటికీ సగం నిర్ణయాలు ఎక్సెల్ ఫైళ్ళ మీదే జరుగుతాయి. పివట్ టేబుల్, ఎక్స్‌లుకప్ (పాత ఎక్సెల్ అయితే వీలుకప్), ఇఫ్, సమ్‌ఇఫ్స్, కౌంట్‌ఇఫ్స్, తేదీల ఫార్ములాలు. ఇవి చూడకుండా రాయగలగాలి. తర్వాత పవర్ క్వెరీ. ఇది ఎక్సెల్‌లోనే డేటా ట్యాబ్‌లో ఉంటుంది, చాలామంది ఎప్పుడూ తెరిచి చూడరు. ఫైలు శుభ్రం చేసే ప్రతి మెట్టునూ అది గుర్తుపెట్టుకుంటుంది. వచ్చే నెల కొత్త ఫైలు పెట్టి రిఫ్రెష్ కొడితే అన్ని మెట్లూ మళ్ళీ తనే ఎక్కుతుంది. పైగా పవర్ బీఐలో ఉండేదీ ఇదే పవర్ క్వెరీ కాబట్టి ఒకసారి నేర్చుకుంటే రెండుచోట్లా పనికొస్తుంది.

ఇక్కడ ఎక్కువ సమయం పెట్టాల్సింది ఫార్ములాల మీద కాదు, చెత్త ఏరడం మీద. తేదీలతోనే మొదలవుతుంది. 05/06 అని ఉంటే మనకది జూన్ 5. కంప్యూటరు అమెరికా సెట్టింగులో ఉంటే మే 6 అనుకుంటుంది. 12వ తేదీ దాటినవి మాత్రం తేదీలే కావని వాటిని అక్షరాలుగా వదిలేస్తుంది. అంటే కొన్ని తప్పు తేదీలు, మిగతావి అసలు తేదీలే కావు. పైకి ఏమీ కనపడదు. పవర్ క్వెరీలో తేదీ రకం మార్చేటప్పుడు లొకేల్ ఇండియా అని చెప్పాలి.

తర్వాత కొలతలు. మన నెల్లూరు పుట్టి అంటే 850 కిలోలు. మిల్లు వాళ్ళు క్వింటాళ్ళలో రాస్తారు, ఇంకొకరు 75 కిలోల బస్తాల్లో రాస్తారు. ఒకే కాలమ్‌లో మూడూ కలిసి ఉన్న ఫైలు నేను చూశాను, పైన "పరిమాణం" అని మాత్రమే రాసుంది. స్థలాల డేటా పట్టుకున్నవాళ్ళకి అంకణాలతో ఇదే గోల. మన దగ్గర అంకణం 72 చదరపు అడుగులు, తిరుపతి వైపు 36. కూడేముందు అన్నింటినీ ఒకే కొలతలోకి మార్చాలి. ఏ కొలతలోకి మార్చారో కాలమ్ పేరులోనే రాయాలి. "పరిమాణం" కాదు, "పరిమాణం కిలోల్లో".

రొయ్యల్లో ఇంకో తమాషా ఉంది. కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగాయో. 100 కౌంట్ అంటే ఒక్కోటి 10 గ్రాములు, 50 కౌంట్ అంటే 20 గ్రాములు. అంకె తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, రేటూ ఎక్కువ. తెలియనివాడు గ్రాఫ్ వేస్తే కౌంట్ తగ్గిందని ఎర్ర రంగు వేసి బాణం కిందికి పెడతాడు. లోపలి సంగతులు తెలిసిన వ్యాపారాన్ని పట్టుకోమన్నది అందుకే.

ఎక్సెల్ షీటులో 10,48,576 వరసలకు మించి పట్టవు. మీ కొట్టు డేటా అంత ఉండదు గానీ కంపెనీల్లో అది వారానికే నిండుతుంది. అక్కడ ఎస్‌క్యూఎల్ కావాలి.

ఎస్‌క్యూఎల్: మూడు నెలలు, ఇక్కడే అసలు కథ

నన్నడిగితే మొత్తం శిక్షణలో సగం బరువు దీనిదే. ఎడ్గార్ కాడ్ ఐబీఎంలో ఉండగా 1970లో రిలేషనల్ పద్ధతి ప్రతిపాదించాడు. డేటాను పట్టికలుగా పెట్టుకుని, వాటిని ఒకదానితో ఒకటి కలిపి జవాబులు రాబట్టే పద్ధతి అది. తర్వాత ఎన్ని టూల్స్ వచ్చి పోయినా అడుగున ఇదే ఉంది. డ్యాష్‌బోర్డు టూల్స్ పదేళ్ళకోసారి మారతాయి, ఇది మారలేదు.

కంప్యూటర్లో మైఎస్‌క్యూఎల్ గానీ పోస్ట్‌గ్రెస్ గానీ వేసుకోండి, రెండూ ఉచితం. మైఎస్‌క్యూఎల్ అయితే 8 గానీ ఆపైది గానీ తీసుకోండి, అంతకు ముందువాటిలో విండో ఫంక్షన్లు (పక్క వరసలను కూడా చూసి లెక్క కట్టేవి) లేవు. మీ కొట్టు డేటాను నాలుగు పట్టికలుగా విడదీయండి: రైతులు, సరుకులు, బిల్లులు, బిల్లులోని లైన్లు. రైతుకి ఒక నంబరు ఇవ్వండి. పేరు ఎప్పుడూ గుర్తు కాదు. పెంచలయ్యలు నలుగురుండొచ్చు, మాలకొండయ్యలు ఆరుగురుండొచ్చు, 107 నంబరు రైతు మాత్రం ఒక్కడే ఉండాలి. దీన్నే ప్రైమరీ కీ అంటారు. క్లాసులో దీనికి నిర్వచనం రాయించారు, నాకర్థమైంది మాత్రం తుమ్మలపెంట రసీదు చూశాకే.

జాయిన్‌లో, అంటే రెండు పట్టికలను కలపడంలో, ఇంకో గుంట ఉంది. ఒక బిల్లు మొత్తం 48,000 అనుకోండి, అందులో మూడు సరుకులున్నాయి. బిల్లుల పట్టికను లైన్ల పట్టికతో కలిపితే ఆ బిల్లు మూడు వరసలవుతుంది. ప్రతి వరసలో 48,000 ఉంటుంది. కూడితే 1,44,000. ఎర్రర్ రాదు, లెక్క మాత్రం మూడింతలు. కాబట్టి ప్రతి పట్టిక గురించీ ముందు ఒక్క వాక్యం రాసుకోండి: "ఇందులో ఒక వరస అంటే ఏంటి?" ఒక బిల్లా, బిల్లులో ఒక సరుకా, ఒక రైతా, ఒక రోజా? ఇప్పటికీ కొత్త డేటా ఇస్తే నేను మొదట చేసేది అదే. జాయిన్‌కి ముందు వరసలు లెక్కపెడతా, తర్వాత లెక్కపెడతా. పెరిగాయంటే ఎందుకు పెరిగాయో తేలాకే ముందుకు.

ఇక ప్రశ్నలు. మా ఓనరు గారు అడిగినవే నాకు సిలబస్ అయ్యాయి. "పోయిన పంటకి మన దగ్గర మేత కొని ఈ పంటకి కొననివాళ్ళెవరు?" దీనికి లెఫ్ట్ జాయిన్ కావాలి (మొదటి పట్టికలో అందరినీ ఉంచి, రెండోదాంట్లో లేనివాళ్ళ పక్కన ఖాళీ చూపించేది), ఎందుకంటే లేనివాళ్ళను వెతుకుతున్నాం. ఉన్నవాళ్ళను ఎవరైనా చూపిస్తారు. ఇక్కడ కొత్తవాళ్ళందరూ చేసే పొరపాటు: లెఫ్ట్ జాయిన్ రాసి, కింద వేర్‌లో (వరసలను వడపోసే చోట) ఈ పంట తేదీలు పెడతారు. అంతే, రానివాళ్ళు మొత్తం ఎగిరిపోతారు, మామూలు జాయిన్ అయిపోతుంది. తేదీ షరతు ఆన్ (పట్టికలు కలిపే చోటు) పక్కనే పెట్టాలి. నేను దీని మీద రెండు రాత్రులు కూర్చున్నా.

ఇంకో ప్రశ్న: "ఎవరు ఉన్నట్టుండి మేత ఆపేశారు?" ఒక రైతు నాలుగు రోజులకోసారి మేత తీసుకెళ్తున్నాడు, ఈసారి పది రోజులైనా రాలేదు. గుంటలో జబ్బు తగిలి ముందే పట్టేశాడా, రొయ్య చచ్చిందా, పక్క కొట్టుకి పోయాడా? ఏదైనా ఓనరుకి వెంటనే తెలియాలి, బాకీ ఉంది కాబట్టి. "మేత ఆగిందంటే మన డబ్బూ ఆగిందనే" అనేవారాయన. ల్యాగ్ అనే విండో ఫంక్షన్‌తో ప్రతి బిల్లుకీ ముందు బిల్లుకీ మధ్య ఎన్ని రోజులో తీయొచ్చు. ల్యాగ్, రో నంబర్, ర్యాంక్, సమ్ ఓవర్, ఈ నాలుగూ బాగా వస్తే ఇంటర్వ్యూల్లో వచ్చే విండో ఫంక్షన్ ప్రశ్నలు చాలావరకు దాటేస్తారు.

రోజుకు రెండు గంటలు చాలు. నేను కొట్టు మూసి ఇంటికొచ్చి తొమ్మిది నుంచి పదకొండు దాకా కూర్చునేదాన్ని. చాట్‌జీపీటీని అడిగితే క్వెరీ (డేటాబేస్‌కి రాసే ప్రశ్న) రాసిస్తుంది కదా అంటారు. రాసిస్తుంది, నేనూ వాడతా. కానీ మొదటి మూడు నెలలు ముందు మీరు రాసి, తర్వాత దాన్ని అడిగి పోల్చుకోండి. మీ ఊళ్ళో పెంచలయ్యలు నలుగురున్నారని దానికి తెలీదు.

సగటుతో జాగ్రత్త

స్టాటిస్టిక్స్ పుస్తకం మొత్తం చదవక్కర్లేదు. సగటు, మీడియన్ (వరసగా పేరిస్తే మధ్యలో ఉండే అంకె), శాతం, పర్సంటైల్, రెండింటి మధ్య సంబంధం అంటే ఏంటి, ఇంతవరకు నిజంగా అర్థమైతే మొదటి ఉద్యోగానికి సరిపోతుంది. కానీ "నిజంగా" అన్నది చూడండి.

40 మంది రైతుల బాకీ 26 లక్షలు. సగటు 65 వేలు. వినడానికి అందరూ బాగా బాకీ పడ్డట్టుంది. విప్పి చూస్తే 39 మంది బాకీ తలా 20 వేలే, ఒక్కడి బాకీ 18 లక్షల 20 వేలు. మీడియన్ 20 వేలు. వసూలుకి 40 ఇళ్ళకి తిరగాలా, ఒక్క ఇంటికి పోవాలా? సగటు చెప్పి వదిలేస్తే మనిషిని 40 ఇళ్ళకి తిప్పుతారు.

ఎఫ్‌సీఆర్ ఇంకా మంచి ఉదాహరణ. కిలో రొయ్యకి ఎన్ని కిలోల మేత పట్టిందో అది. మొదటి గుంటలో పట్టుబడి (పట్టిన రొయ్య) 2,000 కిలోలు, మేత 2,600 కిలోలు, ఎఫ్‌సీఆర్ 1.3. రెండో గుంటలో పట్టుబడి 500 కిలోలు, మేత 1,000, ఎఫ్‌సీఆర్ 2. రైతు మొత్తం ఎఫ్‌సీఆర్ ఎంత? 1.3, 2 కలిపి రెండుతో భాగించి 1.65 అంటే తప్పు. మొత్తం మేత 3,600, మొత్తం పట్టుబడి 2,500, అంటే 1.44. నిష్పత్తులకి సగటు తీయకూడదు. పైన మొత్తం, కింద మొత్తం తీసి అప్పుడు భాగించాలి. డ్యాష్‌బోర్డుల్లో అడుగున "టోటల్" వరసలో కనిపించే తప్పుల్లో చాలా భాగం ఇదే జాతి.

పవర్ బీఐ దగ్గరికి ఇప్పుడు రండి

నా తమ్ముళ్ళందరూ ముందు ఇక్కడికే వస్తారు, రంగులుంటాయి కాబట్టి. ఆరో నెలలో వస్తే చాలు. పవర్ బీఐ డెస్క్‌టాప్ ఉచితం, విండోస్‌లోనే నడుస్తుంది. 8 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో నేను నేర్చుకున్నా, కొత్తది కొనక్కర్లేదు. ఆన్‌లైన్ సర్వీసులో చేరాలంటే మాత్రం ఆఫీసు లేదా కాలేజీ ఈమెయిల్ అడుగుతుంది, జీమెయిల్ ఒప్పుకోదు. చదువుకుంటున్నవాళ్ళు కాలేజీ మెయిల్ ఉండగానే వాడుకోండి. లేనివాళ్ళు బెంగపడక్కర్లేదు, డెస్క్‌టాప్‌లోనే అంతా నేర్చుకోవచ్చు.

ఇందులో నేర్చుకోవాల్సింది మూడు. మొదటిది మోడల్: మధ్యలో బిల్లు లైన్ల పట్టిక, చుట్టూ రైతులు, సరుకులు, ఊళ్ళు, తేదీల పట్టికలు. దీన్ని స్టార్ స్కీమా అంటారు. మోడల్ సరిగ్గా ఉంటే మిగతాదంతా సులువు. రెండోది డాక్స్ అనే పవర్ బీఐ ఫార్ములా భాషలో మెజర్లు (ఏ వరసకి ఆ వరస, టోటల్‌కి టోటల్ అప్పటికప్పుడు లెక్క కట్టే ఫార్ములాలు) రాయడం, ముఖ్యంగా క్యాలిక్యులేట్ అనే ఫంక్షన్. అది మొదటి నెల అర్థం కాదు, ఎవరికీ కాదు, భయపడొద్దు. పైన చెప్పిన ఎఫ్‌సీఆర్‌ని మెజర్‌గా రాసి చూడండి: మొత్తం మేతను మొత్తం పట్టుబడితో డివైడ్ చేసి. గుంట వరసలో 1.3, 2 అని, టోటల్‌లో 1.44 అని వస్తే మీకు మెజర్ అంటే ఏంటో తెలిసినట్టే. మూడోది తేదీల పట్టిక. కంపెనీలన్నీ ఏప్రిల్ నుంచి మార్చి చూస్తాయి. కానీ ఫిబ్రవరిలో పిల్ల వేస్తే మేలో పడతారు, ఆర్థిక సంవత్సరం ఆ పంటను మధ్యకి కోసేస్తుంది. అందుకని తేదీల పట్టికలో "ఏ పంట" అని ఒక కాలమ్ నేనే పెట్టాల్సి వచ్చింది.

ఒకసారి నవంబరు నుంచి డిసెంబరుకి అమ్మకాలు పడిపోయాయని పెద్ద ఎర్ర బాణంతో గ్రాఫ్ చూపించా. ఓనరు గారు నవ్వి, "వానల్లో ఎవురు కొత్తగా పిల్ల వేస్తారమ్మా? పోయిన డిసెంబరుతో చూడు" అన్నారు. చూస్తే పెరిగింది. మన దగ్గర ఈశాన్య రుతుపవనాల సంగతి ఏ కోర్సూ చెప్పదు.

ఒక పేజీలో నాలుగైదు బొమ్మలకు మించి పెట్టొద్దు. గుండ్రటి పై (pie) చార్టులు, స్పీడోమీటర్లు మానేయండి. అడ్డ బార్లు, గీతల చార్టు, ఒక పట్టిక, ఇంతే సరిపోతాయి. టాబ్లో అడిగే కంపెనీలూ ఉన్నాయి, పవర్ బీఐ వస్తే అది రెండు మూడు వారాల పని. పైథాన్ మొదటి ఉద్యోగం వచ్చాక చూసుకోవచ్చు. పాండాస్ అనే పైథాన్ లైబ్రరీతో ఫైలు చదివి గ్రూప్ చేయడం వస్తే రెజ్యూమెలో రాయండి, రాకపోతే రాయొద్దు. అడుగుతారు.

డబ్బు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ పెట్టకూడదు

నెట్‌లో ఉచితంగా దొరకనిది ఇందులో ఏదీ లేదు. మైక్రోసాఫ్ట్ లెర్న్‌లో పవర్ బీఐ పాఠాలు పూర్తిగా ఉచితం. ఎన్‌పీటెల్‌లో ఐఐటీ అధ్యాపకుల పాఠాలు వినడానికి డబ్బు కట్టక్కర్లేదు, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు. తెలుగులో చెప్పే యూట్యూబ్ ఛానళ్ళు కూడా చాలా ఉన్నాయి. కాకపోతే ఒంటరిగా కూర్చుని చదవలేనివాళ్ళుంటారు. అలాంటివాళ్ళు కోచింగ్‌కి వెళ్ళడం తప్పు కాదు. చేరేముందు ఒక్క మాట అడగండి: "నా డేటా తెచ్చుకుని ప్రాజెక్టు చేయొచ్చా, మీరు చూసి తప్పులు చెప్తారా?" తటపటాయిస్తే బయటికి వచ్చేయండి.

డిగ్రీయే కావాలనుకునే ఇంటర్ పిల్లలకి ఐఐటీ మద్రాసు వాళ్ళ ఆన్‌లైన్ డేటా సైన్స్ బీఎస్ ఉంది, 2020లో ప్రకటించారు. జేఈఈ అక్కర్లేదు, వాళ్ళే పెట్టే క్వాలిఫయర్ దాటాలి. పాఠాలు ఇంట్లో, పరీక్షలు మాత్రం కేంద్రానికి వెళ్ళి రాయాలి. తేలిక కాదు, ముందే చెప్తున్నా.

సర్టిఫికెట్లలో పీఎల్-300 ఒక్కటి తీసుకోవచ్చు, మైక్రోసాఫ్ట్ పవర్ బీఐ డేటా అనలిస్ట్ పరీక్ష. 1000కి 700 వస్తే పాస్. ఏటా ఆన్‌లైన్‌లో ఉచితంగా రెన్యూ చేసుకోవాలి. దీంతో ఉద్యోగం రాదు, రెజ్యూమె పక్కన పడేయకుండా చూస్తుంది, అంతే. ప్రాజెక్టు అయ్యాకే రాయండి.

"రెండు లక్షలు కట్టు, మూడేళ్ళ అనుభవం సృష్టించి ఉద్యోగం ఇప్పిస్తాం" అని నాకూ ఒక కన్సల్టెన్సీ నుంచి ఫోనొచ్చింది. నాతో చదివినావిడ కట్టింది. ఏడు నెలలకి ఆ పాత కంపెనీ కాగితాలు ఆరా తీశారు, ఉద్యోగం పోయింది, కట్టిన డబ్బూ రాలేదు. అయిదేళ్ళు మేత కొట్టులో చేశానని నేను నిజమే రాశాను. సిగ్గుపడ్డది నేనే, అడిగినవాళ్ళెవరూ చిన్నచూపు చూడలేదు.

ఉద్యోగం వెతకడం

మొదటి ఉద్యోగం డేటా అనలిస్ట్ అనే పేరుతోనే రావాలని పట్టుబట్టకండి. ఎంఐఎస్ ఎగ్జిక్యూటివ్ అని వెతకండి. నెల్లూరు, ఒంగోలులోనే ఫీడ్ కంపెనీలు, హాస్పిటళ్ళు, ఫైనాన్స్ కంపెనీలు ఇలాంటివాళ్ళని తీసుకుంటాయి. జీతం తక్కువే. కానీ నిజమైన డేటా చేతికొస్తుంది, ఏడాదిలో చెన్నై, బెంగళూరు, హైదరాబాద్ వైపు దారి పడుతుంది. ఇప్పటికే ఎక్కడో అకౌంట్స్‌లో ఉన్నవాళ్ళు ఉద్యోగం మానేయొద్దు. అదే సీటులో ఉండి రిపోర్టులు మీరే చేయడం మొదలుపెట్టండి.

రెజ్యూమె ఒక్క పేజీ. "పవర్ బీఐ తెలుసు" అని కాదు, "300 మంది రైతుల బాకీల మీద రిపోర్టు చేశాను, మేత ఆపిన రైతులను వారంలోపే గుర్తించగలిగాం" అని రాయండి. ప్రాజెక్టు బొమ్మలు, క్వెరీలు గిట్‌హబ్‌లో (కోడ్ నలుగురికీ చూపించుకునే సైటు) పెట్టండి. పవర్ బీఐలో పబ్లిష్ టు వెబ్ నొక్కేముందు ఆలోచించండి, అది లోకమంతటికీ తెరుచుకుంటుంది.

ఇంగ్లీషు భయం నాకూ ఉండేది. దానికి నేను చేసిందొకటే: ప్రతి ఆదివారం నా డ్యాష్‌బోర్డును అయిదు నిమిషాలు ముందు తెలుగులో మా అమ్మకి, తర్వాత ఇంగ్లీషులో ఫోన్ రికార్డరుకి చెప్పేదాన్ని. అమ్మకి అర్థం కాకపోతే తప్పు ఇంగ్లీషుది కాదు, నాది. అమ్మ ఒకసారి "అయితే ఇప్పుడు మీ ఓనరు ఏం చెయ్యాలంటావు?" అనడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆ వారమంతా డ్యాష్‌బోర్డు మళ్ళీ కట్టాను.

చెన్నై ఇంటర్వ్యూలో మొదటి గంట ఎస్‌క్యూఎల్. ప్రతి ప్రాంతంలో రెండో పెద్ద అమ్మకం ఏదో తీయమన్నారు, ర్యాంక్‌తో తీశాను. తర్వాత ఒకాయన నా ప్రాజెక్టు తెరిచి, బాకీల మొత్తం మీద వేలు పెట్టి, "ఈ అంకె కరెక్టని నీకెలా తెలుసు?" అనడిగారు. పదహారుగురు పెంచలయ్యల కథ చెప్పాను. నవ్వారు. జాయిన్‌కి ముందూ తర్వాతా వరసలు ఎలా లెక్కపెడతానో, ట్యాలీలోని మొత్తంతో నా మొత్తం పైసలతో సహా సరిపోయేదాకా ఎలా ఆగుతానో చెప్పాను. మిగతా ఇంటర్వ్యూ అంతా దాని మీదే నడిచింది.

మీ ప్రాజెక్టు తయారయ్యాక నాకు పంపండి, ఆదివారాలు చూస్తాను. ఒక పేజీ డ్యాష్‌బోర్డు, దాని వెనక క్వెరీలు, "ఇందులో ఒక వరస అంటే ఏంటి" అన్నదానికి ఒక్కో పట్టికకీ ఒక్కో వాక్యం. ఆ వాక్యాలు లేకుండా వస్తే తెరవకుండా వెనక్కి పంపుతా. రైతుల పేర్లు మాత్రం తీసేసి పంపండి, నంబర్లు చాలు.